మా ఇంటి చలవ

మా అబ్బాయి అమెరికానుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి, వేసవిలో మేమిద్దరం చల్లగా వుండడానికి ఇంట్లో ఒక ఏర్పాటు చేసి వెళ్ళేడు. వాడు విమానం ఎక్కిన సాయంత్రం నుంచీ మా ఇల్లు వుడికిపోవడం మొదలెట్టింది.

నా సంగతి కాస్త చెప్పుకుంటే గాని ఇందులో నేను సిగ్గుపడవలసిం దేమిటో మీకు తెలీదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి 2018లో రిటైరయ్యేను. నేను చేసిన పని ఇన్‌స్ట్రుమెంటేషను. అంటే, వేడి ఎంత, ఒత్తిడి ఎంత, గాలి ఎంత వెళుతోంది అని కొలిచి చెప్పే పరికరాల్ని కనిపెట్టుకుని వుండడం. 1990లో ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు రాజుకున్నప్పుడు నే నక్కడే వున్నాను. పద్నాలుగు పదిహేను వందల డిగ్రీల ఇనుము కాలవ కట్టి పారుతూంటే, అందులో థర్మోకపుల్ ముంచుతారు. అది కొన్ని క్షణాలపాటు బతికి, అంకె చెప్పి, కాలి పోతుంది. అల్లాంటి వేళ్ళు కాలే లెక్కల్లో జీవితం గడిపినవాణ్ణి, సొంత ఇంట్లో ముప్ఫై డిగ్రీలని ఇరవైనాలుగు చెయ్యలేక పద్నాలుగు రోజులు అగచాట్లు పడ్డా నంటే నలుగురూ నవ్వుతారు. నవ్వండి. పరువు కాపాడుకుందామనే వుద్దేశం వుంటే ఇది రాసేవాణ్ణే కాదు.

మేముండేది పెదవాల్తేరులో, ఒక మేడ రెండో అంతస్తు. వరండాలో ఓ మూల నిలబడి మెడ సాచి చూస్తే రెండు భవనాల మధ్య జానెడు సముద్రం కనిపిస్తుంది. ఆ జానెడుకీ కలిపే బిల్డరు మా దగ్గర డబ్బు పుచ్చుకున్నాడు.

సముద్రం పక్కన ఇల్లంటే రామగుండంలో వున్న మా వియ్యాలవారికి మా మీద అసూయ. ‘‘మీకేమండీ బావగారూ! మాకు నలభై అయిదు, మీకు ముప్ఫై అయిదు’’ అంటారు. అంకె చూసి మోసపోకూడదు. వాళ్ళ ఎండ పెనం, మా ఎండ ఇడ్లీపాత్ర. ఒంటికి పట్టిన చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! గాలి అప్పటికే తేమతో కడుపు నిండి కూచుంటే ఆ చెమట ఎక్కడికి పోతుంది? ఒంటిమీదే వుంటుంది. రామగుండంలో బ్రహ్మాండంగా పనిచేసే గడ్డి కూలరు మా వూళ్ళో పనిచెయ్యక పోవడానికి కూడా ఇదే కారణం. నీరు ఆవిరైతేనే దానికి చలవ.

మా చిన్నప్పుడు పాతపట్నంలో, వన్‌టౌన్‌లో వుండేవాళ్ళం. మా నాన్నగారికి పోర్టులో గుమాస్తా వుద్యోగం. ఓడల్లోకి ఎత్తే ఖనిజాల నుసి గాలికి వచ్చి, ఆరేసిన పంచెల మీద వాలేది. వేసవి వస్తే కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి, మా అమ్మ అరగంటకోసారి చెంబుతో నీళ్ళు చిలకరించేది. చలవ కంటె వాసనే ఎక్కువ వచ్చేది. అయినా, ఆవిడ నీళ్ళు చల్లడం చూస్తేనే మాకు సగం చల్లబడ్డట్టుండేది. మా వూరి దేవుడు సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలోనే వుంటాడు. అక్షయతృతీయ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. ఆయనకే అంత చలవ కావలసివస్తే మనమనగా ఎంత!

ఇంక ఏసీ సంగతి. మాకు రెండున్నాయి, హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి. 2021లో కొన్నాం. హాలులోది ఒకటిన్నర టన్నుది. టన్నంటే దాని బరువనుకుంటారు చాలామంది. కాదు. వెనకటికి చల్లదనాన్ని మంచుతో కొలిచేవారు. అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచు, ఇరవైనాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అది ఒక టన్ను. ఆ లెక్కన మా హాల్లో రోజుకి 1,360 కిలోల మంచు కరగాలి. ఫిషింగ్ హార్బరుకి ఐసు దిమ్మలు వేసుకుపోయే బండి ఒకటి తీసుకొచ్చి మా సోఫాల మధ్య దింపినట్టన్నమాట.

కొన్నాం సరే, వేసుకోవద్దూ? కరెంటు విషయంలో నేను కాస్త పిసినారినని మా ఇంట్లో ఒక ప్రచారం వుంది. పూర్తిగా అబద్ధం కాదు. రాత్రి పదకొండింటికి లేచి ఏసీ కట్టేసి ఫాను వేస్తాను. పగలు చుట్టాలొస్తే తప్ప హాల్లో వెయ్యను. ఇదంతా మావాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఈసారి వచ్చినప్పుడు, మా ఆవిడ వంటింట్లోంచి చెంగుతో మొహం తుడుచుకుంటూ రావడం నాలుగు రోజులు చూసి, అయిదోనాడు రెండు తెల్లటి డబ్బాలు పట్టుకొచ్చేడు. ఒక్కోటీ సబ్బుబిళ్ళంత వుంది.

‘‘ఏమిట్రా ఇవి?’’ అన్నాను.

‘‘స్మార్ట్ థర్మోస్టాట్ నాన్నా. ఇంక నువ్వు లేచి కట్టక్కర్లేదు. అదే చూసుకుంటుంది.’’

అమెరికాలో థర్మోస్టాట్ అంటే గోడకి బిగించి వుంటుంది. ఇల్లు మొత్తానికీ ఒకటే యంత్రం, దానికి తీగలతో ఆజ్ఞలిస్తూ వుంటుంది. మన ఇళ్ళల్లో ఆ పద్ధతి లేదు గనక, ఈ డబ్బా రిమోటులాగ నటిస్తుంది. గదిలో వేడి తనే కొలుచుకుని, కంటికి కనపడని వెలుగుతో ఏసీకి ‘వేసుకో’, ‘ఆపు’, ‘ఇంత పెట్టుకో’ అని చెబుతుంది. ఏసీ ‘టింగు’మని ఒప్పుకుంటుంది. ఇళ్ళల్లో ఇల్లా వేడి చూసే పనిని మనిషి చేతిలోంచి తప్పించాలని అమెరికాలో వారెన్ జాన్సన్ అనే పంతులుగారు 1883లో ఒక పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో ఆయన కాలేజీలో నౌకరు తరగతి తరగతికీ వచ్చి, పిల్లలకి వుక్కగా వుందో చలిగా వుందో చూసుకుని, కిందకి వెళ్ళి కొలిమి సర్దేవాడట. పాఠం మధ్యలో ఈ రాకపోకలు పడలేక ఆయన గదిలోంచి కిందకి కబురు పంపే విద్యుత్ యంత్రం చేసేడు. ఆ పంతులుగారి కబురే ఇప్పుడు తీగ కూడా లేకుండా డల్లాసు దాకా పోతోంది.

‘‘నీ ఫోన్లో కూడా ఎక్కిస్తాను నాన్నా, ఇల్లా ఇయ్యి’’ అన్నాడు.

‘‘నా ఫోను జోలికి రాకు. ఇప్పటికే దాన్నిండా ఏవేవో వున్నాయి. రిమోటుంది కదా, చాలు’’ అన్నాను.

‘‘తరవాత ఇబ్బంది పడతావేమో.’’

‘‘ఒరేయ్, బ్లాస్ట్ ఫర్నేసు నడిపినవాణ్ణి రా నేను!’’

ఆ మాట అనకుండా వుండవలసింది. 

వాడున్న నాలుగు రోజులూ ఆ డబ్బాలు అద్భుతంగా పనిచేసేయి. ఒకరోజు అందరం తాళం వేసుకుని సింహాచలం వెళ్ళేం. మధ్యాహ్నం రెండింటికి, ఎండలో మాడి, మెట్లెక్కి తలుపు తీస్తే ఇల్లు చల్లగా, మా కోసమే చూస్తున్నట్టుగా వుంది. మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

‘‘మనం వస్తున్నామని దానికెల్లా తెలిసిందిరా?’’ అంది.

‘‘దానికి తెలుస్తుందమ్మా’’ అని నవ్వేడు వాడు. నేను, టైము పెట్టి వుంటాడులే అనుకున్నాను. అడగలేదు. అడిగితే నాకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది కదా!

తరవాతి ఆదివారం సాయంత్రం వాళ్ళని విమానం ఎక్కించి ఇంటి కొచ్చేం. మనవడి చెప్పుల జత ఒకటి గుమ్మంలో మిగిలిపోయింది. లోపల ఉక్కగా వుంది. హాల్లో ఏసీ వుందా అంటే వుంది. దాని మీద 30 అని వెలుగుతోంది.

‘‘వాడు వెళ్ళేడు, ఇల్లు చూడండి ఎల్లా అయిపోయిందో’’ అంది మా ఆవిడ.

తల్లి మనసు అల్లాగే వుంటుంది. నే నేమీ అనలేదు.

రిమోటుతో 24 పెట్టేను. చల్లగాలి వచ్చింది. పావుగంట గడిచిందో లేదో, ‘టింగు’మంది. మళ్ళీ 30. రిమోటు నా చేతిలోనే వుంది. మీట నొక్కిందెవరు? మళ్ళీ 24 పెట్టేను. మళ్ళీ పావుగంటకి టింగు. పడగ్గదిలోనూ ఇదే వరస. ఆ రాత్రి ఇల్లా ఎన్నిసార్లు పోట్లాడేనో లెక్కలేదు. చివరికి ఫాను వేసుకుని పడుకున్నాం.

మర్నాటినుంచి నా పరిశోధన మొదలైంది. నా వుద్యోగంలో మొదటి సూత్రం: పరికరాన్ని తిట్టేముందు అది నిజం చెబుతోందో లేదో చూడు. డబ్బా పడమటి గోడ మీద వుంది. మధ్యాహ్నం ఎండకి గోడ కాగి దానికి తప్పుడు వేడి చూపిస్తోందేమో అనుకుని, తూర్పు గోడకి మార్చేను. తేడా లేదు. ఏసీ గాలి తిన్నగా దాని మీద కొట్టి, గదంతా చల్లబడిపోయిందని భ్రమపడుతోందేమో అని పక్కకి జరిపేను. లేదు. పక్కనే నా పాత గాజు థర్మామీటరు వేలాడదీసి చూస్తే రెండిటికీ డిగ్రీలో మూడో వంతు కూడా తేడా లేదు. నిజమే చెబుతోంది. అడ్డం వుందేమోనని కాలెండరు తీసేం. కర్ర బీరువా జరిపేం. మా ఆవిడ బీరువా వెనక 2014లో హుద్‌హుద్ తుపాను నాడు పోయిందనుకున్న గరిటె దొరికింది. చల్లదనం మాత్రం దొరకలేదు.

నాలుగో రోజున మెకానిక్కుని పిలిచేం. కంచరపాలెం కుర్రాడు, చురుకైనవాడు. ఫిల్టర్లు కడిగేడు. వరండాలో బయటి యంత్రం మూత విప్పి, అల్యూమినియం రేకులు వేలితో ముట్టుకుంటే అప్పడంలా పొడి రాలింది.

‘‘సూసేరా సార్, ఉప్పుగాలి. మన వూర్లో అన్నిటికీ ఇదే జబ్బు. నీల్లతో కడిగించుకోవాల, మూడు నెల్లకోపాలి’’ అన్నాడు.

గాసు చూసేడు, సరిపోయింది. రిమోటు తీసుకుని 16 పెట్టేడు. పది నిమిషాల్లో హాలు వణికింది.

‘‘ఏటి సార్, ఇంత బాగా కూలింగొస్తంటే! ఏటీ అవలేదు దీనికి’’ అని ఎనిమిది వందలు పుచ్చుకున్నాడు.

వాడు మెట్లు దిగి, కింద బండి స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. పైన ‘టింగు’. 30. డాక్టరు గుమ్మం దాకా వున్న పన్నునొప్పి కుర్చీ ఎక్కగానే మాయమై, ఇంటికి రాగానే మళ్ళీ మొదలైనట్టుగా వుంది.

డబ్బా అమ్మినవాళ్ళకి ఫోను చేస్తే, ఒక యంత్రం హిందీలో మాట్లాడి, ఇంకో యంత్రానికి అప్పగించి, కట్టేసి మళ్ళీ వెయ్యమంది. కట్టేసి మళ్ళీ వేసేను. 30.

మీరు అడుగుతారు, ఆ డబ్బా ప్లగ్గు పీకి అవతల పారెయ్యక ఈ తిప్పలెందుకయ్యా అని. నాకూ తోచింది. రెండోరోజునే తోచింది. కాని ప్లగ్గు పీకితే వాడికి అక్కడ తెలిసిపోతుంది. ‘‘నాన్నకి చేతకాలేదు’’ అనుకుంటాడు. లేకపోతే ‘‘ఇష్టం లేక పీకేసేడు’’ అనుకుంటాడు. రెండూ నాకు నచ్చలేదు. పైగా మా ఆవిడ, ‘‘పిల్లాడు సరదాపడి పెట్టి వెళ్ళింది పీకేస్తారా?’’ అంది. వాడు రోజూ పొద్దున్న ఆరున్నరకి, అంటే వాళ్ళకి రాత్రి ఎనిమిదికి, ఫోను చేసేవాడు.

‘‘చల్లగా వుంటోందా నాన్నా?’’

‘‘ఆ, బ్రహ్మాండంగా వుంది.’’

మా ఆవిడ పక్కనుంచి చూసేది. ఏమీ అనేది కాదు.

మే రెండో వారంలో ఆవకాయ పెట్టేం. ఎంత వద్దన్నా పది కాయలకి తక్కువ వొప్పుకోదు. మావాడికి ఒక జాడీ, అమ్మాయికి ఒకటి, వియ్యాలవారికి ఒకటి. హాల్లో పాత చీర పరిచి, ముక్కలు తుడిచి ఆరబోసి, కింద కూచుని ఆవపిండీ కారమూ కలుపుతోంది. మూడు గంటలైంది. ఏసీ మీద 30 వెలుగుతోంది. కాసేపటికి కలపడం ఆపి, ‘‘ఏమండీ, కాస్త కళ్ళు తిరుగుతున్నాయి’’ అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. చెప్పి, అల్లాగే పక్కకి, ముక్కల మీదకి ఒరిగిపోయింది.

నేను లేపి గోడకి ఆనించేను. ఒళ్ళు కాలిపోతోంది. తడిగుడ్డతో మొహం, మెడ తుడిచి, ఉప్పు వేసిన మజ్జిగ చెంచాతో పోసేను. కింద వాటాలో వున్న డాక్టరమ్మగారు పరుగున వచ్చి, నాడి చూసి, బీపీ చూసి, ఎండదెబ్బకి ఒక్క అడుగు ఇవతల వుందన్నారు. ‘‘నీళ్ళు తాగుతున్నారా అసలు?’’ అని కోప్పడ్డారు. ‘‘ఏసీ వుండి కూడా ఇదేమిటండీ? గది చల్లగా వుంచండి, ముందు’’ అని నావైపు చూసేరు.

నేను లేచి వెళ్ళి ఆ డబ్బా ప్లగ్గు పీకేసేను. రిమోటుతో 24 పెట్టేను. ఏసీ సన్నగా చప్పుడు చేస్తూ వుండిపోయింది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది, టింగుమనలేదు. ఇల్లు చల్లబడింది. ఆ పీకడమేదో మొదటి రోజే పీకి వుంటే సరిపోయేది.

సాయంత్రానికి ఆవిడ తేరుకుంది. కాఫీ తాగుతూ, ‘‘నే చెబితే మీరు వినరు. వాడు వెళ్ళిందగ్గర్నుంచీ ఇల్లిలాగే వుందని మొదటి రోజే అన్నాను’’ అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా నోటుపుస్తకం తీసేను. పద్నాలుగు రోజులనుంచీ పది నిమిషాల కొకసారి, మెలకువగా వున్నప్పుడల్లా, హాలు వేడి రాసి పెట్టుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు పోదు కదా! 29.7, 30.1, 30.3, 29.9, 29.6, 30.2. పేజీలకి పేజీలు.

కర్మాగారంలో చేరిన కొత్తలో మా పై అధికారి ఒకాయన చెప్పిన మాట గుర్తొచ్చింది. చార్టు మీద గీత చూసి జబ్బు చెప్పడం ఎల్లాగో నేర్పుతూ అన్నా డాయన: గీత చచ్చినట్టు నిటారుగా వుంటే తీగ తెగిందని చూడు. అటూ ఇటూ పరిగెడితే పగ్గం లేదని చూడు. ఒక అంకె చుట్టూ ఉయ్యాల వూగినట్టు వూగుతూంటే దానికి జబ్బేమీ లేదు, ఎవరో పట్టుకుని నడిపిస్తున్నారు.

నా పుస్తకంలో వున్నది ఉయ్యాల. ఈ పద్నాలుగు రోజులూ నేను పాడైపోయిందనుకుంటున్న యంత్రం ఒక్క నిమిషం కూడా పాడవలేదు. ఇంటిని 30 దగ్గర పెట్టమని దానికెవరో చెప్పేరు, అది పతివ్రతలా పెడుతోంది. పాడైన యంత్రం అంత శ్రద్ధగా పనిచెయ్యదు. మరి 30 అని చెప్పిందెవరు? నేను కాదు. ఏసీ తనంతట తను పెట్టుకుందా అంటే, 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టారు గుర్తుతో అమ్మే గది ఏసీలన్నీ మొదట 24 దగ్గరే మొదలవాలని ప్రభుత్వం రూలు పెట్టింది. మాది ఆ తరవాత కొన్నదే. అంచేత దానికి తెలిసిన అంకె 24. ఈ ముప్ఫై బయటినుంచి వచ్చింది. బయటినుంచి ఆజ్ఞ ఇవ్వగలిగిన ఫోను ప్రపంచంలో ఒక్కటే వుంది. అది ఏ రోజున ఈ ఇంట్లోంచి బయటికి వెళ్ళిందో...

‘‘వాడు వెళ్ళిందగ్గర్నుంచీ.’’

మా ఆవిడ మొదటి రోజు సాయంత్రం గుమ్మంలో నిలబడి జబ్బు పేరు చెప్పేసింది. నేను దాన్ని తల్లి బాధ కింద జమకట్టి, బీరువా జరిపేను.

పదకొండైంది. డల్లాసులో మధ్యాహ్నం పన్నెండున్నర. ఫోను చేసేను. ఆ వేళప్పుడు నే నెప్పుడూ చెయ్యను. మొదటి గంటకే ఎత్తేడు.

‘‘ఏమైంది నాన్నా? అమ్మ?’’

‘‘బాగానే వుంది. పడుకుంది.’’ తరవాత వరసగా అన్నీ చెప్పేసేను. 30 సంగతీ, మెకానిక్కు సంగతీ, ఆవకాయ ముక్కల సంగతీ. వాడు మాట్లాడలేదు. ఫోన్లో ఏదో చూస్తున్నట్టున్నాడు.

‘‘నాన్నా, ఇక్కడ ‘ఎవే’ అని వుంది’’ అన్నాడు చివరికి.

‘‘అంటే?’’

‘‘అంటే... ఇంట్లో ఎవరూ లేరని.’’

‘‘మేమిద్దరం ఇక్కడే వున్నాం కదరా!’’

అప్పుడు చెప్పేడు. ఆ డబ్బాకి మనుషులు తెలీరు. ఫోన్లు తెలుసు. ఇంట్లో వుండేవాళ్ళ ఫోను ఇంటికి కొన్ని మైళ్ళు దాటి వెళితే, ఇల్లు ఖాళీ అయిందనుకుని, కరెంటు ఆదా చెయ్యడానికి 30 పెట్టుకుంటుంది. ఫోను మళ్ళీ దగ్గరకొస్తూంటే, ఇంటివాళ్ళు వస్తున్నారని ముందుగానే చల్లబరుస్తుంది. సింహాచలంనుంచి వచ్చినరోజు జరిగింది అదే. దానికి పరిచయం చేసిన ఫోను వాడి దొక్కటే, నేను నాది ముట్టుకోనివ్వలేదు గనక. వాడు విమానాశ్రయం దాటగానే దాని లెక్కలో మా ఇంట్లో మనుషులు లేరు. మేము 24 నొక్కినప్పుడల్లా, ఖాళీ ఇంట్లో ఏదో పొరపాటు జరిగిందనుకుని దిద్దుకునేది.

‘‘మరి నువ్వు అక్కడినుంచి చూడలేదా?’’ అన్నాను.

కాసేపు పలకలేదు.

‘‘రోజూ చూస్తూనే వున్నాను నాన్నా. పైన చిన్నక్షరాలు చూసుకోలేదు, అంకె చూసేను. రోజూ 30. నువ్వు కరెంటు బిల్లుకి భయపడి పెట్టుకున్నావనుకున్నాను. అడిగితే నువ్వు బాధపడతావని అడగలేదు. రోజూ ఫోన్లో నువ్వు బ్రహ్మాండంగా వుందంటూంటే... సరే, అల్లాగే అననీ అనుకున్నాను.’’

ఇద్దరం కాసేపు అల్లాగే వున్నాం, ఫోను చెవికి పెట్టుకుని.

‘‘ప్లగ్గు పెట్టు నాన్నా, ఇప్పుడు’’ అన్నాడు.

పెట్టేను. పడగ్గదిలోది మాత్రం పీకనే లేదు. అక్కడ ఇంకా 30 వుంది. ఫోను పట్టుకునే గుమ్మంలో నిలబడ్డాను. ‘టింగు’మంది. ఏసీ తలుపు మెల్లిగా కిందకి వాలింది. గాలి వచ్చింది. కాసేపటికి మా ఆవిడ నిద్దట్లోనే కాళ్ళ దగ్గర దుప్పటి పైకి లాక్కుంది.

మర్నాడు పొద్దున్న నా ఫోనూ, ఆవిడ ఫోనూ రెండూ వాడి చేతిలో పెట్టినట్టే పెట్టి, వాడు చెప్పినట్టల్లా నొక్కేను. గంట పట్టింది. నా ఫోన్లో చోటు లేదంటే, అయిదేళ్ళ నాటి శుభోదయం బొమ్మలు నాలుగొందలు తీసేయించేడు. చివరికి తెర మీద ముగ్గురి పేర్లూ వరసగా వచ్చేయి. అమ్మ, ఇంట్లో. నాన్న, ఇంట్లో. మూడోది వాడి పేరు, బయట.

‘‘ఇంక నా పేరు తీసేస్తాను. మళ్ళీ గందరగోళం లేకుండా వుంటుంది’’ అన్నాడు.

‘‘తీస్తే వూరుకోను’’ అంది మా ఆవిడ, ఫోను నా చేతిలోంచి లాక్కుని. ‘‘సంక్రాంతికి వస్తానన్నావు. వచ్చినప్పుడు దానికి నువ్వెవరో తెలియొద్దూ?’’

వాడు తియ్యలేదు. వాడి పేరున్నా, మా ఇద్దరిలో ఎవరు ఇంట్లో వున్నా చాలని దానికి బోధపరిచేడు.

తీరా ఇంత చేసేక, 24 పెడితే ఆవిడకి చలి. మోకాళ్ళు పట్టేస్తున్నాయిట. 25 పెట్టేం, 26 పెట్టేం. ఇప్పుడు 27 పెట్టి ఫాను వేసుకుంటున్నాం. తేమ పోతే 27 చాలు, ప్రాణం హాయిగా వుంటుంది. మొన్న పొద్దున్న ఆరున్నరకి ఫోను మోగింది.

‘‘నాన్నా, 27 కనపడుతోంది. నిజం చెప్పు, కరెంటు కోసమా?’’

‘‘కాదురా. మీ అమ్మకి చలిట.’’

‘‘నిజంగానా?’’

‘‘నమ్మకం లేకపోతే నువ్వే అడుగు’’ అని ఫోను ఆవిడ కిచ్చేను.